మేడమీది గది

అలా గోడవైపు తిరిగి పడుకుంటే అయిపోతుందేంటే? లే. లేచి కూర్చో. పోయింది గొంతేగా, చెవులు బానే ఉన్నాయిగా!

పొద్దున్నే లాయరు దగ్గరికెళ్లాను. ఎందుకా? నీమీద కేసు వేద్దామనే. సొంత చెల్లెలివైతే మాత్రం? మన నాటకశాల నడిచినన్నాళ్లూ నువ్వు పాడాలి, నువ్వు బతికున్నన్నాళ్లూ ఈ మేడమీది గది నీది. ఇద్దరం సంతకాలు పెట్టామా లేదా? మరి ఆట మధ్యలో పాట ఆపేసి, గొంతు పట్టుకుని కూలబడితే? జనం నిన్ను చూసి అయ్యో అన్నారు. తిట్లు మాత్రం నాకు!

"ఒప్పుకున్న పని ఎగ్గొట్టింది, కోర్టుకు లాగండి" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ఎగ్గొట్టడం కాదమ్మా. గొంతులో గడ్డ లేచింది, డాక్టర్లు కోసి తీసేశారు. ఆవిడ పాట ఆవిడే పాడాలి. ఎవరి తప్పూ లేకుండా పని అసాధ్యమైపోతే ఒప్పందం దానంతటదే రద్దయిపోతుంది" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది! చిన్నప్పట్నుంచీ ఇంతే. నువ్వు ఏం పగలగొట్టినా "పోన్లే, చిన్నది" అనేవాళ్లు. చివరికి చట్టం కూడా నీ వెనకేనా?

లేచొచ్చేస్తూ, "మరి నేనిస్తానన్న గది?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "రద్దయితే రెండువైపులా రద్దే. ఇకమీదట ఆవిడ పాడక్కర్లేదు, మీరు గది ఇవ్వక్కర్లేదు. కానీ తోడబుట్టింది కదమ్మా..." అంటూ ఏదో నసిగాడు. నేను వింటేగా! మెట్లు దిగుతుంటే నవ్వొచ్చిందే, నిజంగా!

ఏయ్, చెయ్యి వదులు. మెడ చూపిస్తావేం? కుట్లు మానేదాకా ఉండనివ్వమనా? కుదరదు. సాయంత్రానికి కొత్త గాయని దిగుతోంది. ఎవరో కాదులే, నీ దగ్గర నేర్చుకున్న పిల్లే. గది ఉంటేనే వస్తానంది, సరేనన్నాను. నీ బట్టలు మూటగట్టి కింద పెట్టించాను. ఎక్కడికి పోతావంటే నాకేం తెలుసు?

ఛ, ఏడవకు. చప్పుడు లేని ఏడుపు, చూడలేకపోతున్నాను.

నిజం చెప్పనా? నువ్వు పాడినన్నాళ్లూ తెర వెనక నిలబడి చెవులు మూసుకునేదాన్ని. అంత బాగా పాడేదానివి మరి. ఎలా భరించమంటావ్?

ఊఁ, చెప్పులేసుకో. అక్కనే, కాదన్నానా? జాలి చూపిస్తానని మాత్రం నేనెక్కడా సంతకం పెట్టలేదు.