ఆ కంచంలో కూర ఏమిటని అడిగిన హెలెన్ గారు

1996 జూన్ 17వ తేదీన శ్రీమతి హెలెన్ గారు మన వసతి పాఠశాలలో బాలికల విభాగానికి సహాయ వార్డెన్‌గా బాధ్యతలు స్వీకరించారు. ఇబ్రహీంపట్నం దాటి లోపలికి వచ్చే ఈ దారిలో అప్పటికింకా ఆటోలు కూడా సరిగా తిరిగేవి కావు. ఆడపిల్లలనూ మగపిల్లలనూ ఒకే ప్రాంగణంలో ఉంచి చదివించే బడి అంటే చుట్టుపక్కల వారికి కొంత వింత, కొంత అనుమానం. హెలెన్ గారికి మాత్రం అంతులేని కుతూహలం. తరగతిలో ఒకే గదిలో కూర్చునే పిల్లలు భోజనశాలలోకి రాగానే ముఖపరిచయం లేనివారిలా చెరో వైపుకు ఎందుకు వెళ్ళిపోతారు, అవతలి బల్ల మీదున్న ఉప్పు గిన్నె కోసం ముగ్గురి చేత ఎందుకు అడిగిస్తారు అని ఆమె గమనిస్తూ ఉండేవారు.

క్రమక్రమంగా ఆమెకు పిల్లల లోకపు మర్యాదలు తెలిసివచ్చాయి. మాట్లాడుకోవాలనుకున్నవారు ముందుజాగ్రత్తగా అన్నయ్యా, చెల్లీ అని వరసలు కలుపుకోవడం వాటిలో ఒకటి. అలా పిలిచిన ఒక పిల్లను, నిజంగా అన్నయ్యేనా అని ఆమె అడిగారట. "కాదు మేడమ్, లెక్కలు చెప్పించుకోవాలి" అని ఆ పిల్ల జవాబు.

2009లో హెలెన్ గారు ఉభయ విభాగాలకూ ప్రధాన వార్డెన్ అయ్యారు. వారి విధి నిర్వహణను గురించి చెప్పవలసినవి ఎన్ని ఉన్నా, 2014లో జరిగిన ఒక్క సంగతి చెబితే మిగిలినవన్నీ చెప్పినట్టే.

ఒక ఆదివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి సింధూరి చేయి అదే తరగతి సిద్ధార్థ కంచంలో ఉండగా ఒక ఉపాధ్యాయుని కంటబడింది. ఒకే కంచంలో తిన్నారన్న మాట సాయంత్రానికి బడంతా పాకింది. పెళ్ళి బంతి ఎప్పుడని తోటి పిల్లలు ఏడిపించారు. ప్రిన్సిపాల్ లక్ష్మీకాంత్ గారు సింధూరి తండ్రికి ఫోన్ చేయించారు. సిద్ధార్థ ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు.

మర్నాడు పొద్దున్నే నాగాయలంక నుంచి తండ్రి రత్తయ్య గారు ప్రిన్సిపాల్ గదికి వచ్చారు. కుర్చీ చూపినా కూర్చోలేదు. "చదివింది చాలండీ. టీసీ ఇప్పించండి, తీసుకుపోతాను" అన్నారు. హెలెన్ గారి పక్కన నిలబడ్డ సింధూరి తల ఎత్తలేదు. ఆ పిల్ల చదువు ఆ గదిలోనే ఆగిపోయేలా ఉంది. అప్పటిదాకా ఆ పిల్లను అందరూ మందలించారే గాని, ఎవరూ ఏమీ అడగలేదన్న సంగతి హెలెన్ గారికి స్ఫురించింది.

"ఆ కంచంలో కూర ఏంటమ్మా?" అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు ఆశ్చర్యంగా చూశారు.

"శీలావతి చేప మేడమ్. వాడికి ముల్లు తీసుకోవడం రాదు. పోయిన వారం గొంతులో గుచ్చుకుంటే, నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు."

"మరి నువ్వెందుకు తియ్యాలి?"

"నాకొచ్చు కదండీ."

హెలెన్ గారు సిద్ధార్థను పిలిపించారు. రత్తయ్య గారు అతన్ని పైనుంచి కిందకు చూసి, ఏ ఊరని అడిగారు. భవానీపురమన్నాడు. "కృష్ణ ఒడ్డున పుట్టి చేప తినడం రాదా? మీవాళ్ళేం పెంచార్రా నిన్ను" అన్నారు. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

అయినా లక్ష్మీకాంత్ గారి చింత తీరలేదు. పది నోళ్ళలో పడ్డాక మిగతా తల్లిదండ్రులకు ఏం చెప్పాలన్నారు. భోజనశాలకు అడ్డుగోడ కట్టించి, సింధూరిని కొన్నాళ్ళు ఇంటికి పంపితే మేలన్నారు. హెలెన్ గారు స్వరం పెంచకుండానే, "పంపితే ఇద్దర్నీ పంపుదామండీ. ఆడపిల్లనొక్కదాన్నే పంపితే, జరగని తప్పు జరిగిందని మనమే దండోరా వేయించినట్టు" అన్నారు.

రత్తయ్య గారు అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. కూతురితో, "ముల్లు తియ్యడం నేర్పు తల్లీ. తీసిపెట్టమాక" అన్నారు. టీసీ మాట మళ్ళీ ఎత్తలేదు.

అడ్డుగోడ లేవలేదు. ఆదివారాలు ఇష్టమైనవారు కలిసి కూర్చోవడానికి హెలెన్ గారు ఒక బల్ల వేయించారు. మొదట్లో దాని దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు అక్కడ చోటు కోసం తగాదాలు పడుతున్నారు. ఆ పిల్లలు ఏం మాట్లాడుకుంటారో వినాలని పెరుగు వడ్డించే నెపంతో ఆమె అటు వెళ్ళేవారు. ఇంటి బెంగ, పరీక్షలు, ఎవరి మంచం కిర్రుమంటుందన్న గొడవ తప్ప మరేమీ వినబడలేదని కాస్త నిరాశగానే చెప్పేవారు. సింధూరి పదో తరగతి ఇక్కడే ముగించి, తండ్రి వెంట నవ్వుతూ ఇంటికి వెళ్ళింది.

ఈ నెలాఖరుతో పదవీ విరమణ చేసి, భర్త జాన్సన్ గారితో మంగళగిరిలో స్థిరపడబోతున్న హెలెన్ గారికి మనందరి నమస్సులు. ఇన్నేళ్ళూ పిల్లలందరూ తిని లేచాకే కూర్చుని చల్లారిన అన్నం తిన్న ఆ తల్లికి, ఇకపై ప్రతి పూటా వేడి అన్నం, పక్కన కబుర్లు చెప్పే మనిషి, తిన్నది అరిగే ఆరోగ్యం, నిండు నూరేళ్ళ ఆయుష్షు దేవుడు అనుగ్రహించాలని మనసారా కోరుకుంటున్నాం.

– అమలమ్మ, వంటశాల