మూడో గడి కూడా చదివిన మన మేడం గారు

1996వ సంవత్సరం ఆగస్టు అయిదో తేదీ, సోమవారం ఉదయం, చేతిలో నియామక పత్రం, భుజాన టిఫిను డబ్బా సంచీతో ఒక ముప్ఫై ఏళ్ల ఇల్లాలు మన సంతకాల ధ్రువీకరణ సంస్థ మూడో అంతస్తులో, కంప్యూటర్ గది బయట నిలబడి ఉన్నారు. తలుపు మీద ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అని బోర్డు ఉంది. ఆ బోర్డును దాటుకుని టీ తెచ్చే మనిషి వెళ్లాడు, ఏసీ బాగుచేసే మనిషి వెళ్లాడు, ఎవరి కోసం వచ్చాడో తెలియని పెద్దమనిషి ఒకాయన కూడా లోపలికి వెళ్లి తిరిగి వచ్చాడు. ఆవిడ మాత్రం కదల్లేదు. కొత్త ఉద్యోగిని మొదటి రోజే రాలేదని హాజరు పట్టీలో రాయబోతుండగా అప్పటి అధికారి బయటికి వచ్చి చూశారు.

"ఇక్కడ నిలబడ్డారేమమ్మా?"

"బోర్డు ఉంది కదండీ."

"దాన్ని ఎవరూ చదవరు."

"చదవనప్పుడు పెట్టడం ఎందుకండీ? తీసెయ్యండి. లేదూ ఉంచుతామంటే, చదవండి."

ఆ వారంలోనే బోర్డు ఊడింది. ఉద్యోగంలో చేరిన రోజునే అధికారి చేత పని చేయించిన ఘనత మన సంస్థలో మరొకరికి దక్కలేదు. ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న మన మేడం గారి ఉద్యోగ ప్రస్థానం ఆ విధంగా, గుమ్మం బయటనుంచి ప్రారంభమైంది.

తొలి సంవత్సరాల్లో వారు దరఖాస్తుల వివరాలను కంప్యూటరులోకి ఎక్కించే పని చేశారు. పగలు ఆఫీసు, సాయంత్రం ప్రోగ్రామింగ్ తరగతులు, ఆపైన ఇల్లు. ఇంట్లో అత్తగారు, లెక్కల మాస్టారైన భర్తగారు, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న కూతురు. తరగతులున్న రోజుల్లో వంట అత్తగారిది, అంట్లు మాస్టారివి. "మీ అబ్బాయి చేత అంట్లు తోమిస్తున్నారా?" అని పక్కింటావిడ ఆరా తీస్తే, "లెక్కల మాస్టారు కదమ్మా, ఒక్క గిన్నె కూడా తప్పిపోదు" అన్నారట ఆ పెద్దావిడ. కోడలు పరీక్ష పాసై ప్రోగ్రామరుగా పదోన్నతి పొందినప్పుడు, ఆ ధ్రువపత్రాన్ని గోడకు తగిలించింది కూడా అత్తగారే.

వారికి ‘ఆగండి మేడం’ అన్న పేరు ఎప్పుడు వచ్చిందో, ఎవరు పెట్టారో ఇప్పుడు చెప్పగలవారు లేరు. ఏ కాగితం సంతకానికి తెచ్చినా, ఏ ప్రోగ్రాము నడపబోయినా, ముందుగా వారి నోట వచ్చే మాట ‘ఆగండి’. ఆ తర్వాత కళ్లద్దాలు సవరించుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతారు. ముందు ‘మేడం’ అనీ, వెనక ‘ఆగండి మేడం’ అనీ ఇన్నేళ్లూ పిలుచుకుంటూ, ఈ రెండో పేరు వారి చెవిన పడలేదని మనమంతా నమ్మాం. మొన్న టీ వేళ అడిగితే నవ్వేశారు. "ఎందుకు తెలీదూ? చాలాసార్లు తలుపు బయట ఆగి మరీ విన్నాను."

కాగితం మీది సంతకాలు కంప్యూటరులోకి మారిన కాలంలో మన సంస్థ రూపురేఖలూ, మేడం గారి బాధ్యతలూ కలిసే మారాయి. ఒక వైద్యుడు గానీ, మందుల దుకాణం వారు గానీ కంప్యూటరులో సంతకం పెట్టాలంటే మన సంస్థ ఇచ్చే కార్డు కావాలి. ఆ కార్డులో ఒక డిజిటల్ సర్టిఫికెట్, దానికొక నెంబరు ఉంటాయి. కార్డు పోయినా, పరాయి చేతుల్లో పడినా, మనిషి ఉద్యోగం మారినా ఆ నెంబరు రద్దు జాబితాకు ఎక్కుతుంది. ఆ జాబితాను చదివి, ఫలానా సంతకం చెల్లుతుందో చెల్లదో తేల్చి చెప్పే ప్రోగ్రామును పార్సర్ అంటాం. దానిని రాసే పని మేడం గారికి అప్పగించారు.

ఈ వీడ్కోలు సంచిక చదివే కుటుంబసభ్యుల కోసం ఒక వివరణ. ఆ జాబితా వరసగా నెంబర్లు రాసిన కాగితంలా ఉండదు. మనిషి కంటికి అది అర్థంలేని అంకెల గుట్ట. ఈ సంగతిని మేడం గారు తమ ఇంట్లో వంటింటి డబ్బాలతో వివరించారట. పెద్ద డబ్బాలో చిన్న డబ్బాలు, ఆ చిన్న డబ్బాల్లో మరీ చిన్నవి. ప్రతి మూత మీదా రెండే ముక్కలు, లోపల ఏముంది, ఎంతుంది. ఆ రెండూ చదివి, అంతే మేరకు తీసి, తర్వాతి డబ్బాకు వెళ్లాలి. ఒక్క మూత తప్పు చదివితే అక్కడి నుంచి అన్నీ తారుమారు. అంతా విన్న అత్తగారు, "అదా నీ ఉద్యోగం? మన ఇంట్లో మూత మీద పేరు లేని డబ్బా ఒక్కటైనా ఉంచావా? జీతం లేకుండానే చేస్తున్నావు కదే" అన్నారు. ఆ పెద్దావిడే ఇరుగుపొరుగుతో, "మా కోడలు ఎవరెవరి సంతకాలు చెల్లవో చదువుతుంది" అని చెప్పుకునేవారు. దాంతో ఆ వీధిలో కొన్నాళ్లు మేడం గారిని చూస్తే ఇంటి అద్దె కాగితాలు దాచుకునేవారట.

జాబితాలో ఒక్కొక్క పద్దుకు మూడు గడులుంటాయి. మొదటి గడిలో నెంబరు, రెండో గడిలో తేదీ, మూడో గడిలో కారణం. ఈ మూడోది కొన్నింటికి ఉంటుంది, కొన్నింటికి ఉండదు. "నెంబరు కనబడితే రద్దు అయినట్టే కదా, కారణంతో మనకేం పని? అది చదవకపోతే ప్రోగ్రాము పరుగెడుతుంది" అని సమావేశంలో నిర్ణయించినవారు అప్పటి విభాగాధిపతి. ఏ పనైనా నిన్ననే అయిపోవాలనే స్వభావం వల్ల మనం ‘తుఫాను సారు’ అని పిలుచుకున్నవారు, మన వీడ్కోలు సభకు ముఖ్య అతిథిగా రానున్నవారు వారే. మేడం గారు కూడా సరేనన్నారు. మూడో గడి చదవకుండా దాటిపోయేలా ప్రోగ్రాము రాశారు. అది దేశమంతటా ఆసుపత్రులకూ దుకాణాలకూ అందుబాటులోకి రావలసిన ప్రారంభోత్సవానికి ముందురోజు ఒక మందుల షాపు ఆవిడ మూడో అంతస్తు ఎక్కి వచ్చారు.

ఆవిడ కార్డు కొద్దిరోజుల కిందట కనబడకుండా పోయింది. వెంటనే కబురు చేస్తే కింది కౌంటరు వారు ఆ కార్డును తాత్కాలికంగా నిలిపివేశారు. తర్వాత అది భర్త చొక్కా జేబులోంచి, ఇస్త్రీ బట్టల మధ్య, చెక్కుచెదరకుండా దొరికింది. కౌంటరు వారు పరిశీలించి నిలుపుదల ఎత్తేశారు, కాగితం కూడా ఇచ్చారు. కానీ మన కొత్త ప్రోగ్రాము పరీక్ష కోసం నడుస్తున్న చోటల్లా, మందులు కొనే ఆసుపత్రిలో కూడా, ఆవిడ సంతకాన్ని చెల్లదంటోంది.

"నెంబరు జాబితాలో ఉందమ్మా. ఉందంటే రద్దయినట్టే" అన్నారు అక్కడి ఉద్యోగి.

"కింద వాళ్లు వదిలేశామంటారు, పైన మీ మిషను పట్టుకున్నానంటుంది. నన్ను మెట్ల మధ్యలో కాపురం పెట్టుకోమంటారా? ఆసుపత్రికి ఏడాది మందుల సరఫరా నాది. సాయంత్రంలోగా నా సంతకం పడకపోతే పక్క షాపుకి ఇచ్చేస్తారు. వాడు అప్పుడే బోర్డుకి రంగులు వేయించుకుంటున్నాడు."

"ఆగండి" అన్నారు మేడం గారు, తమ బల్ల దగ్గర నుంచే.

ఆవిడను కూర్చోబెట్టి, కాగితం అందుకుని, ముందురోజు వచ్చిన జాబితాను తెరిచారు. వారానికొక పెద్ద జాబితా వస్తుంది, మధ్యలో ప్రతిరోజూ మార్పులు మాత్రమే ఉండే చిన్న జాబితా వస్తుంది. ఆ చిన్నదానిలో ఆవిడ నెంబరు ఉన్నమాట నిజమే. తేదీ ఉంది. ప్రోగ్రాము దాటిపోయిన మూడో గడిని మేడం గారు స్వయంగా విప్పి చదివారు. ‘ఈ నెంబరును జాబితా నుంచి తీసివేయండి’ అని ఉంది.

విడుదల చేయమని వచ్చిన ఆజ్ఞను చూసి ప్రోగ్రాము మనిషిని మళ్లీ బంధించింది. ఇంట్లో మూత మీది పేరు చదవందే డబ్బా ముట్టని తాము, ఇన్ని డబ్బాలను మూత కూడా చూడకుండా పక్కన పడేయమని దానికి నేర్పారు. అది నేర్పినట్టే చేసింది. అంతకన్నా ఘోరం, ఒకసారి రాసుకున్న నెంబరును కొట్టివేయడం దానికి అసలు నేర్పనే లేదు. మేడం గారు లేచి తుఫాను సారు గదికి వెళ్లారు. ఆ సంభాషణను సారు తర్వాతి కాలంలో ఎన్నోసార్లు, ఇద్దరి గొంతుల్లోనూ, మనకు వినిపించారు.

"రేపటి ప్రారంభోత్సవం ఆపాలండీ."

"రిబ్బను కూడా కొనేశామమ్మా."

"రిబ్బను పాడైపోదండీ."

"ఒక్కావిడ కోసం ఇంత పని ఆపుతామా?"

"ఒక్కావిడ మెట్లెక్కి రాగలిగిందండీ. కార్డు పోయి దొరికినవాళ్లు ఎక్కడెక్కడ ఎందరున్నారో. మనమే వదిలేశామని చెప్పి, మనమే పట్టుకుంటాం రేపట్నుంచి."

"పైవాళ్లకి ఏం చెప్పను? కారణం అక్కర్లేదన్నది నేనే."

"మీరు అన్నారు, రాసింది నేను. నా పేరు చెప్పండి."

సారు కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు. "రేపు వేదిక మీద మీకు పదోన్నతి కాగితం ఇస్తున్నాం. ఆ సంగతి తెలుసా?"

"తెలుసండీ. మా అత్తగారు కొత్త చీర ఇస్త్రీ చేయించి ఉంచారు. అదీ పాడైపోదు."

ప్రారంభోత్సవం ఆగింది. మేడం గారు కూర్చుని, మూడో గడిని చదవడం, తీసెయ్యమంటే తీసెయ్యడం ప్రోగ్రాముకు నేర్పసాగారు. మందుల షాపు ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చుని, మేడం గారి టిఫిను డబ్బా సగం ఖాళీ చేస్తూ, మధ్యమధ్య "అయ్యిందా అమ్మా?" అంటూనే ఉన్నారు. పొద్దు వాలే వేళకు కార్డు పెట్టి చూస్తే తెర మీద ‘చెల్లుతుంది’ అని వచ్చింది. "ఈ ఒక్క ముక్క అనడానికి దీనికి ఇంతసేపు నోరు రాలేదు" అని ఆవిడ లేచి, సరఫరా పత్రం మీద అక్కడే సంతకం పెట్టి పంపించి, "పక్క షాపు వాడు రంగు డబ్బాలు వాపసు ఇచ్చుకోవాలిక" అంటూ మెట్లు దిగారు.

ఇంటికి వెళ్లి, వేదికా లేదు, పదోన్నతీ ప్రస్తుతానికి లేదు అని చెప్పినప్పుడు అత్తగారు అడిగింది ఒకటే. "మరి ఆ మందుల షాపావిడ పని అయిందా?"

"అయింది అత్తయ్యా."

"అయితే చీర రేపు కట్టుకో."

మర్నాడు ఏ వేడుకా లేని మామూలు రోజున మేడం గారు కొత్త చీరలో ఆఫీసుకు వచ్చారు. విషయం తెలిసి అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఆ రోజు కోసం కొన్న రిబ్బను తుఫాను సారు కూతురి రెండు జడలకూ సరిపోయింది. ప్రారంభోత్సవం ఆ నెలలోనే మరో రిబ్బనుతో జరిగింది. పదోన్నతి మరుసటి సంవత్సరం వచ్చింది. అప్పటికి చీర కాస్త పాతబడినా, వేదిక మీదికి వారు దానినే కట్టుకొచ్చారు.

అనంతర కాలంలో వారు విభాగానికి ఉపాధిపతిగా, ఆపైన అధిపతిగా సేవలందించారు. జాబితాలు ఎంత పెరిగినా చదువు తడబడకుండా ప్రోగ్రామును తిరగరాశారు. కారణం గడి ఖాళీగా ఉన్న ఏ పద్దూ మన సంస్థ నుంచి బయటికి పోరాదన్న నియమం వారి పట్టుదల ఫలితమే. ఆ నియమం వల్ల మొదట్లో కౌంటరు వారు విసుక్కున్నారు. ఇప్పుడు ఆ గడి ఖాళీగా కనబడితే ముందుగా కౌంటరు వారే "ఆగండి" అంటున్నారు.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే ముందు ఒక ముచ్చట జరిగింది. పదవీ విరమణ చేసేవారి కార్డు కూడా రద్దు జాబితాకు ఎక్కాలి కనుక, మేడం గారి కార్డు కోసం తెర తెరిచాం. మూడో గడి దగ్గర తగువు మొదలైంది.

"‘తాత్కాలిక నిలుపుదల’ పెడదామండీ" అంది మా ఇంజనీరు అమ్మాయి. "ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తేసి మిమ్మల్ని పిలిపించుకోవచ్చు."

"‘పోగొట్టుకున్నాం’ అని పెట్టండి" అన్నారు కౌంటరు పెద్దాయన. "మాకు అదే నిజం."

"ఆగండి" అన్నారు మేడం గారు. "ఆ గడిలో ముద్దుకి కూడా అబద్ధం రాయొద్దు. దాన్ని నమ్ముకుని షాపులు నడుపుకునేవాళ్లున్నారు." ‘సంస్థలో పని ముగిసింది’ అన్నదానిని తామే ఎంచుకున్నారు. "ఇది రాయండి. ముగించే వెళ్తున్నాను కదా, మధ్యలో వదిలేసి పోవట్లేదు" అన్నారు. అలాగే రాశాం.

ఆ మధ్యాహ్నమే మందుల షాపు ఆవిడ నుంచి సంచిక కోసం అభినందన సందేశం అందింది. ‘షాపు ఇప్పుడు మా కోడలు చూస్తోంది మేడం గారూ. మీకు రాసే దానికి మాత్రం సంతకం నాదే ఉండాలని నా కార్డు వెతికించాను. ఈసారీ ఇస్త్రీ బట్టల్లోనే దొరికింది’ అని రాసి, కింద డిజిటల్ సంతకం పెట్టారు. మేడం గారు దానిని తమ పార్సరుకు ఇచ్చారు. తెర మీద ‘చెల్లుతుంది’ అని వచ్చింది. కూతురు మొదటిసారి పుస్తకం కూడబలుక్కుని చదివినప్పటి ముఖంతో వారు తెర వంక చూసి, "చూశారా, ఎంత చక్కగా చదువుతోందో" అన్నారు.

మేడం గారికి ఏ కానుక ఇవ్వాలన్న చర్చ చాలాకాలం సాగి, చివరకు స్టోరు గది సర్దుతుండగా తీరింది. విరిగిన కుర్చీల వెనక, తొలినాడు వారు ఊడదీయించిన ఆ బోర్డు దొరికింది. తుడిచి, రంగు వేయించి, సభలో వారికి సమర్పిస్తున్నాం. దానిని వారి ఇంటి గుమ్మానికి తగిలించాలని మాస్టారికీ, కూతురికీ మనవి. అనారోగ్యమూ, దిగులూ ఆ దారిన వస్తే, ‘అనుమతి లేనిదే లోపలికి రాకూడదు’ అన్న అక్షరాలు చదువుకుని అక్కడే నిలబడిపోవాలని, మన మేడం గారు అనుమతి ఇవ్వకుండా నిండు నూరేళ్లు గడపాలని మనసారా కోరుకుంటున్నాం. మేమైతే ఆ బోర్డును ఏనాడూ చదివినవాళ్లం కాము. తోచినప్పుడల్లా తలుపు తోసుకుని వస్తూనే ఉంటాం.