సగటులో కనిపించని మహిళలు: హదస్సా గారి గణాంక సేవ

ఇటీవల పదవీ విరమణ చేసిన శ్రీమతి హదస్సా గారు 1989 జూలై 3వ తేదీన సికింద్రాబాదులోని మన ప్రజారోగ్య పరిశోధన కేంద్రంలో గణాంక సహాయకురాలిగా చేరారు. కేంద్రమంతటికీ ఒకే కంప్యూటర్ ఉన్న ఆ రోజుల్లో, యంత్రమిచ్చిన ఫలితాన్ని చేతి లెక్కతో సరిచూసుకోనిదే వారు సంతకం చేసేవారు కారు. 1998లో గణాంకాధికారిణి అయ్యారు. వారికంటే ఆరేళ్లు వెనుక చేరిన నేను, ఒక అంశం మరోదానిపై చూపే ప్రభావాన్ని లెక్కగట్టే రిగ్రెషన్ విశ్లేషణను వారి వద్దే నేర్చుకొని, డిగ్రీల బలంతో వారికే పై అధికారినయ్యాను.

2016లో రక్తహీనత నివారణకు ఐరన్ మాత్రలు పంచిన పథకాన్ని మేము పరిశీలించాము. మాత్రలు వాడిన మహిళలకు సగటున మేలు జరిగింది. నేను నివేదిక ముగించబోతుండగా హదస్సా గారు మాత్రకూ, తెల్లవారుజాము పనికీ గల పరస్పర ప్రభావాన్ని లెక్కలో చేర్చి చూశారు. ఇతరులలో స్పష్టంగా ఉన్న మేలు, తెల్లారకముందే వీధులూడ్చే మహిళల్లో దాదాపు శూన్యం.

"మాత్ర పనిచేసిందా అని కాదు సార్, ఎవరికి పనిచేసిందో చూడాలె" అన్నారు.

"ఆ తేడా గణాంక పరీక్షకు నిలవలేదు మేడం. తీసేయండి."

"ఊడ్చేటోళ్లు అరవై మందే ఉన్నరు సార్. ఇంత తక్కువ మందిల తేడా ఉన్నా పరీక్షకు అందదు. రుజువు కాలేదంటే లేదని కాదు కదా! ఒక్క వారం టైం ఇవ్వండి, బోయిగూడ పోయి వాళ్లనే అడిగొస్త."

గడువు దగ్గరపడిందన్న నెపంతో నేను అనుమతించలేదు. ఆ తేడా చూపే పట్టికను నివేదికలోంచి నా చేతులతోనే కొట్టివేశాను. వారిని మరో పనికి మార్చాను.

పథకం అదే తీరున విస్తరించింది. 2018లో నాలుగు వందల మంది పారిశుద్ధ్య మహిళలతో మళ్లీ సర్వే జరిపితే అదే తేడా, ఈసారి సందేహానికి తావులేకుండా బయటపడింది. ఆ నెలలోనే కమలాబాయి అనే కార్మికురాలు ఊడుస్తూ కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. హదస్సా గారితో కలిసి బోయిగూడలోని ఆమె ఇంటికి వెళ్లాను.

"గోలీ ఒక్కనాడు మర్వలే సారూ. ఖాళీ కడుపుల తిప్పుతదని చాయ్ తోటే మింగిన."

టీతో పాటు వేసుకుంటే ఐరన్ ఒంటబట్టదని హదస్సా గారు మెల్లగా చెప్పారు. కమలాబాయి నా వైపు చూశారు.

"గిది ముందుగాల వచ్చి అడిగితే చెప్పకపోదునా?"

తిరుగు దారిలో హదస్సా గారు ఒక్క నిష్ఠూరపు మాటా అనలేదు. మాత్ర భోజనం తరువాతే వేసుకోవాలనే సూచన పత్రాన్ని మర్నాటికల్లా రాసి తెచ్చారు. ఏడాదిలో ఆ తేడా చాలావరకు తగ్గింది. కమలాబాయి మాత్రం మళ్లీ చీపురు పట్టలేకపోయారు.

ఆ రెండో సర్వే నివేదికకు నేను సన్మానం అందుకున్నాను. హదస్సా గారి పేరు కృతజ్ఞతల పుటలో చివరి వరుసలో ఉంది. ఆ పని వారిదని సహోద్యోగుల ఎదుట, వారి కుటుంబం ఎదుట ఇన్నేళ్లకు ఒప్పుకొంటున్నాను. ఈ మాట వారు ఉద్యోగంలో ఉండగానే చెప్పవలసింది.

సైనిక్‌పురిలోని తమ ఇంట, భర్త జకర్యా గారి సాహచర్యంలో హదస్సా గారు ఆయురారోగ్యాలతో, నిండైన మనశ్శాంతితో కలకాలం జీవించాలని కోరుకుంటున్నాను. ఆ సుదీర్ఘ జీవితంలో ఏదో ఒకనాడు నన్ను మన్నించగలిగితే, అది నా భాగ్యం.

— విజయేందర్, విభాగాధిపతి