గతేడాది లాగే

చేపల శాఖ కార్యాలయం. వలలు అల్లే ముసలావిడ తెచ్చిన ఎముక గుమాస్తా బల్లను సగం ఆక్రమించింది.

“ముందు ఆ రోలు కిందకి దించండి మామ్మా.”

“రోలు కాదు బాబూ, చేప వెన్నుపూస. మూడు తరాలుగా మా ఇంట్లో పీట.”

“ఇంత చేప ఈ తీరంలో లేదు.”

“ఇప్పుడు లేదు. మా మామగారు పట్టారు. మోయడానికి పదిమంది పట్టారు.”

“ఎప్పుడూ లేదంటున్నాను. ఇక్కడ పెద్ద చేపంటే జానెడు.”

“మరి ఇదేంటి?”

“పీట. మీరే అన్నారుగా.”

“పీట కాదయ్యా, చేప!”

“ఇందాక పీటన్నారు, ఇప్పుడు చేపంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకుని రండి.”

“నేను తేల్చుకునేలోగా రేవు పూడ్చేస్తారు! ‘ఇక్కడ మొదట్నుంచీ చెప్పుకోదగ్గ చేపల్లేవు’ అని నువ్వు సంతకం గీకితే రేపే లారీలు మట్టి పోస్తాయి. మా నలభై పడవలు ఎక్కడికి పోవాలి?”

“నేనేం చేయను? రిజిస్టరు చూసి రాయాలి. ఇదిగో, పోయినేడు: ‘చెప్పుకోదగ్గ చేపల్లేవు. గతేడాది లాగే.’”

“ఆ గతేడాది?”

“‘గతేడాది లాగే.’”

“ఎవరైనా సముద్రం దాకా వెళ్లి చూశారా?”

“ఎందుకూ? తేడా ఉంటే కదా చూడ్డానికి!”

“లేదని ఎలా తెలిసింది?”

“రాసుందిగా!”

“రాసిందెవరు?”

“అంటే... నేనే. ఇరవై రెండేళ్లుగా.”

“నీకు ముందు?”

“మా పెద్ద గుమాస్తాగారు. రాత చూడండి, ముత్యాలే!”

“ముత్యాలు సరే, ఏం రాశాడు?”

“‘గతేడాది లాగే.’”

“ఇంకా వెనక్కి తిప్పు.”

“‘లాగే’... ‘లాగే’... మామ్మా, భోజనాల వేళయింది.”

“మొదటి పేజీ చదువు. లేదంటే నీ బల్లెక్కి, ఈ పీట మీదే సాయంత్రం దాకా కూర్చుంటా.”

“వద్దొద్దు! అబ్బ, కాగితాలు అంటుకుపోయాయి. ఆఁ, వచ్చింది. ఆఫీసు తెరిచిన రోజు. ‘ఈ రేవులో...’”

“ఆగిపోయావేం?”

“ఏం లేదు.”

“ఏం లేనిదానికి పుస్తకం మూస్తావేం? చదువు.”

“‘ఈ రేవులో మనిషిని మించిన చేపలు పడేవి. రెండేళ్లుగా ఒక్కటీ పడలేదు. చేపపిల్లల్తో సహా ఊడ్చేశామని పట్టినవాళ్లే ఒప్పుకున్నారు. అవి తిరిగొచ్చేదాకా ఈ రేవు ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయడానికి, ఈ ఆఫీసు పెట్టాం.’”