టేపు మాత్రం ఇవ్వను

సభకు పెద్దగా కూర్చున్న డాక్టరమ్మగారికి, వారి పక్కన కళ్ళజోడు తుడుచుకుంటూ ఈయన ఇప్పుడు ఏమంటాడో అని బెంగగా చూస్తున్న పాస్టరుగారికి, కుర్చీలు చాలక కిటికీల దగ్గర నిలబడ్డ ఆసుపత్రి మిత్రులకి, ముందు వరసలో అప్పుడే రుమాలు బయటికి తీసిన మా వదినగారికి నమస్కారాలు. వదినా, నేనింకా మొదలే పెట్టలేదు. ఆ రుమాలు కాసేపు లోపల పెట్టండి. (నవ్వులు)

ముందు నా చొక్కా సంగతి. కుడి చేతి మీద తెల్లగా కనిపిస్తున్నది ప్లాస్టర్ పొడి. వీడ్కోలు సభకైనా ఈ మనిషి శుభ్రంగా రాలేడా అని మీరు అనుకుంటున్నారు, నాకు తెలుసు. శుభ్రంగానే బయల్దేరాను. పొద్దున మా గదిలో ఒక పని మిగిలిపోయి ఉంటే వెళ్ళాల్సి వచ్చింది. అదేమిటో చివర్లో చెప్తాను.

ఇక మీ కానుక. జీవితమంతా ఈ ఆసుపత్రిలో బూట్లు కుట్టినవాడికి మీరు అంగట్లో కొన్న బూట్లు ఇచ్చారు. (పెద్దగా నవ్వులు) నవ్వకండి, మంచి తోలు, మంచి కుట్టు. వేసుకునే వచ్చాను. చిటికెన వేలి దగ్గర కొంచెం పట్టేస్తున్నాయి, అంతే. ప్రేమగా ఇచ్చారు, కొలత తీసుకోలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా గది మీలో చాలామంది చూసి ఉండరు. బట్టలు ఉతికే చోటు దాటాక, చివర్న ఉంటుంది. గోడ పొడవునా అరలు, అరల నిండా పాదాలు. వంకర పాదాలు, వేళ్ళు లేని పాదాలు, పొట్టి పాదాలు, అన్నీ ప్లాస్టర్‌తో పోసిన అచ్చులు. కొత్తగా వచ్చిన నర్సులు తలుపు తీసి, అమ్మో అని వెనక్కి పరిగెత్తినవాళ్ళు ఉన్నారు. మాకు మాత్రం ఆ అచ్చు లేనిదే బూటు లేదు. మనిషి ఉన్నన్నాళ్ళూ అచ్చు అరలో ఉంటుంది. మనిషి పోయినట్టు కబురొస్తే అచ్చు పగలగొట్టి ఆ పొడి పారబోస్తాం. వినడానికి కటువుగా ఉంటుంది, కానీ ఏం చేస్తాం, బతికున్నవాళ్ళకి అర కావాలి కదా. నేను ఎన్ని పగలగొట్టానో నాకే తెలియదు. ఒక్కటి మాత్రం పగలగొట్టలేకపోయాను. కింది అరలో ఉన్నది. అది ఎవరిదో ఈ హాల్లో తెలియనివాళ్ళు లేరు.

మా ఆవిడ ఆ గదికి బూటు కోసమే వచ్చింది. ఎడమ కాలు పొట్టి, చిన్నప్పటి జబ్బు. ఒకసారి తీసుకున్న కొలత సరిపోలేదని మళ్ళీ రమ్మన్నాను, ఆ తరవాత ఇంకోసారి రమ్మన్నాను. "కాలు ఏమన్నా పెరుగుతోందా అండీ, ఇన్నిసార్లు కొలుస్తున్నారు?" అని అడిగింది. నేను కొలత టేపు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఆ పై వారం అక్కయ్యని వెంటబెట్టుకుని వచ్చి, నా ముందే, "అక్కా, ఈయనే ఆ కొలతలాయన, బాగా చూసి పెట్టుకో" అంది. (నవ్వులు) అదిగో, వదినగారు కూడా నవ్వుతున్నారు. పెళ్ళయ్యాక కూడా నన్ను అలాగే పిలిచింది. ఏమండీ గీమండీ ఏమీ లేదు, కొలతలాయనా, అంతే.

ఆమె నడక నాకు మెట్ల మీదే తెలిసిపోయేది. ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. కోపంగా ఉంటే బరువు అడుగు ఇంకా గట్టిగా పడేది, నేను ముందే సర్దుకుని కూర్చునేవాణ్ణి. నిరుడు జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి, ఈ ఆసుపత్రిలోనే, పై అంతస్తులో పోయింది. డాక్టరమ్మగారు చేయగలిగిందంతా చేశారు. అమ్మా, మీ ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు, ఇప్పుడు అంటున్నాను.

సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేస్తూ, "మన సోదరి ఇక కుంటుతూ నడవదు, పునరుత్థాన దినాన, చనిపోయినవాళ్ళంతా లేచే ఆ రోజున, రెండు కాళ్ళతో పరిగెడుతుంది" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ పరిగెత్తే ఆవిడెవరో నాకు తెలియదు. నేను పెళ్ళి చేసుకున్నది కుంటుతూ నడిచే మనిషిని. నాకు ఆవిడే కావాలి" అని అందరిముందూ అరిచాను. దానికి నేను క్షమాపణ చెప్పలేదు, ఇవాళా చెప్పను. పాస్టరుగారు ప్రేమతోనే అన్నారు. కొలత తీసుకోలేదు, అంతే.

తరవాత నేను గుడికి వెళ్ళలేదు. పునరుత్థాన ఆదివారం, ఈస్టరు పండగ నాడు కూడా వెళ్ళలేదు. పాటలు కిటికీలోంచి వినబడుతుంటే గదిలో కూర్చుని బూటు అడుగు అట్టకి మేకులు కొట్టాను, కావాలనే గట్టిగా. పలకరించడానికి వచ్చినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, పునరుత్థానం అంటే మరేం కాదండీ, ఆవిడ మీ జ్ఞాపకాల్లో బతికే ఉంది అన్నారు. ఏం చేసుకోను ఆ జ్ఞాపకాలు? జ్ఞాపకం నన్ను తిడుతుందా? నా పక్కన కూర్చుని నడుము నొప్పిగా ఉంది, కొంచెం రుద్దండి అంటుందా? నాకు మనిషి కావాలి. మన విశ్వాసం మనిషిని ఇస్తానంటేనే అది నాకు విశ్వాసం, లేకపోతే వట్టి మర్యాద మాట.

పాస్టరుగారు మాత్రం మానలేదు. వారం వారం వచ్చి, రోగులు కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చునేవారు. ప్రసంగం లేదు, ప్రార్థన లేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "ప్రభువు లేచి వచ్చాక కూడా ఆ చేతుల్లో సిలువ మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. మరణాన్నే గెలిచినాయనకి ఆ గాయాలు మాపుకోవడం ఒక లెక్కా? ఎందుకు ఉంచుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు" అన్నారు. నేను తల ఎత్తకుండానే, "మనవాళ్ళు గుర్తుపట్టడానికి" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోటికొచ్చింది. చేతిలో అట్టకి రాసిన జిగురు ఆరిపోయింది, మళ్ళీ రాయాల్సి వచ్చింది.

అప్పటినుంచి నా ప్రార్థన ఒక్కటే. ఆమె నొప్పి తీసెయ్యి ప్రభువా, ఆ నడక మాత్రం అలాగే ఉంచు. బైబిల్లో, ప్రభువు సమాధి ఉన్న తోటలో ఏడుస్తున్న ఆ స్త్రీ, లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డ ఆయన్ని చూసి తోటమాలి అనుకుంది. ఆయన పేరు పెట్టి పిలిచాక గాని పోల్చుకోలేదు. పునరుత్థానమంటే నాకు అర్థమైంది ఇంతే. మనం ప్రేమించిన మనిషిని దేవుడు చెరిపేసి కొత్తగా గీయడు, ఆ మనిషినే లేపుతాడు. రోజూ నమ్ముతానా అంటే లేదు. నమ్మకం లేని పొద్దున చొక్కా గుండీలు కూడా పెట్టుకోబుద్ధి కాదు. పెద్దలు నన్ను క్షమించాలి, ఈ ఒక్కదానికి క్షమాపణ అడుగుతాను.

ఇక ఆ అచ్చు. నా తరవాత ఆ గదిలో కూర్చోబోయే అమ్మాయి, అదిగో తలుపు పక్కన నిలబడింది, నిన్న ఒక పసిపాప పాదానికి అచ్చు పోసింది. అరలో చోటు లేదు. నాతో ఒక్క మాట అనకుండా దాన్ని తీసుకెళ్ళి కిటికీలో పెట్టింది. కింది అర వైపు చూడనైనా లేదు, నేను చూస్తున్నానని.

వదినా, ఇప్పుడు రుమాలు తీసుకోండి. పొద్దున పగలగొట్టాను. అచ్చు విరిగాక లోపల ఏముంది? అంతా తెల్లటి పొడే. ఆమె అందులో లేదు. ఏడాదంతా నేను దానికి కాపలా కూర్చున్నాను. మనిషి వస్తుందని నమ్మేవాడికి అచ్చు ఎందుకు, వచ్చాక మళ్ళీ కొలత తీసుకోవచ్చు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటూ నేల మీద కూర్చుని ఏడ్చాను. తరవాత ఆ పసిపాప పాదం తెచ్చి కింది అరలో పెట్టి, ఇటు వచ్చాను. చొక్కా దులుపుకోవాలనిపించలేదు.

నన్ను ఇన్నాళ్ళు భరించిన డాక్టరమ్మగారికి, నా అరుపులు విని కూడా పీట వదలని పాస్టరుగారికి, బిగుతు బూట్లు ఇచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయీ, తాళాలు నీవి. కత్తులు, సుత్తి, కుట్టు మిషను నీవి. కొలత టేపు మాత్రం ఇవ్వను. అది ఆసుపత్రి సొత్తేనమ్మా, డాక్టరమ్మగారూ, కావాలంటే దొంగ అనండి. ఆమె ఏ కాలితో వస్తుందో నాకు తెలియదు, పాస్టరుగారికీ తెలియదు. కానీ మెట్ల మీద అడుగులు వినబడి, తలుపు తోసుకుని వచ్చి, "ఏం కొలతలాయనా, ఊరికే కూర్చున్నారేం?" అని అడిగితే, వట్టి చేతులతో ఎలా నిలబడను?

సెలవు.