చెక్క వెనక గుడ్డలు

హాల్లో ఒక మూలకు చెక్క గోడ కట్టి, బావ పాటలు రికార్డు చేసే గది చేయించుకున్నాడు. నిన్న ఆ చెక్కకు అవిసె నూనె పట్టించిన బావమరిది, ఎలా మెరుస్తోందో చూద్దామని వచ్చి ముక్కు ఎగబీల్చాడు.

“ఏదో మాడుతోంది బావా.”

“నీ నూనె కంపేరా. ఆరితే పోతుందన్నావుగా?”

“నూనె కంపు నాకు తెలీదా? ఇది వేరు. తుడిచిన గుడ్డలేవీ? విడివిడిగా బయట ఆరెయ్యమన్నానే!”

“పారెయ్యడం దండగని ఉండచుట్టి, ఇటువైపు పలక ఊడదీసి గోడ లోపల కుక్కేశాను. సందు మూసేస్తే శబ్దం బయటికి రాదుగా!”

బావమరిది గోడకు అరచెయ్యి ఆనించి చటుక్కున లాక్కున్నాడు.

“కొంప ముంచావు బావా! నూనె గుడ్డ ఉండచుడితే దానంతటదే రాజుకుంటుంది.”

“నిప్పు లేకుండానే?”

“నిప్పు లేకుండానే. ముట్టుకుని చూడు, కాలుతోంది. అక్కేది?”

“లోపల పాడుతోంది. మధ్యలో ఎవరూ రాకూడదని గడియ పెట్టుకుంది.”

“తలుపు బాదు, పిలువు!”

బావ రెండు చేతులతో బాదాడు. లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పలకల సందులోంచి సన్నగా పొగ మొదలైంది.

“వినపడదురా,” ఇంకా బాదుతూనే అన్నాడు బావ. “వినపడకూడదనే కదా కట్టించాం.”