మంకమ్మతోటల చలి ఆపిన కంప్యూటర్

పరశురాములు సాంచాలు బాగుచేయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు. కోతలు కోయడం ఎప్పుడు మొదలుపెట్టాడో మాత్రం చొప్పదండిలో ఎవరికీ గుర్తులేదు. మరమగ్గం ఆగిపోతే ఆయన వచ్చి తిప్పాలి. ఆయన నోరు తిరగడం మొదలుపెడితే ఆపడానికి మెకానిక్కు లేడు.

ఆ ఆదివారం పొద్దున బస్టాండు ముందర రహీమ్ చాయ్ హోటల్లో, బల్ల మీద ఒక సంచి ఉంది. అది రహీమ్ బిడ్డ ఆఫ్రీన్‌ది. కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతూ ఇద్దరు స్నేహితురాళ్లతో రూములో ఉంటుంది. ఇంటి ఓనర్లు వదిలేసిన పాత టీవీ ఒకటి ఆ రూములో ఉంది. దానికి తగిలించి పాఠాలు, సినిమాలు చూసుకోవడానికి చిన్న కంప్యూటర్ ఒకటి తయారుచేసుకుందామని ముగ్గురు పిల్లలూ ఆరు నెలలు చిరుతిళ్లు మానుకుని, వాడిన సామాను ఒక్కొక్కటే ఏరుకొచ్చారు. బోర్డు, ప్రాసెసర్, దాన్ని చల్లబరిచే ఫ్యాను, అన్నీ ఆ సంచిలోనే. ప్రాసెసర్ అడుగున సూదుల్లాంటి ముళ్లుంటాయి. బిగించేటప్పుడు అందులో ఒక్కటి విరిగినా కథ కంచికే, ఇంకోటి కొనే తాహతు లేదు.

నేనే బిగించుకుంటానని ఆఫ్రీన్ అంది. కరెంటు పని, అనుభవమున్న చెయ్యి పడాలని రహీమ్ అన్నాడు. అనడంతో ఊరుకోక, ఆ పని నీదేనని పరశురాములుకు మాట ఇచ్చాడు. ఇచ్చాక ఆలోచనలో పడ్డాడు. దోస్తు చెయ్యి ఇనుముకు అలవాటైన చెయ్యి, పిల్ల సామాను చూస్తే అగ్గిపెట్టె కన్నా సున్నితం. ముప్పై ఏళ్ల దోస్తీకి వద్దని ఏ నోటితో చెప్పడం? అందుకే చాయ్ మీద చాయ్ పోస్తూ పనిని వాయిదా వేస్తున్నాడు. పరశురాములు మాత్రం సంచి మీద చెయ్యి వేసి కూర్చుని, కోత అందుకున్నాడు.

"నువ్వు ఫికర్ వెట్టుకోకు బిడ్డా. గీ పని నాకు కొత్త గాదు. మా చెల్లె కొడుకు చింటూ లేడూ, కరీంనగర్ మంకమ్మతోటల రూము దీస్కొని చదువుతుండు. మామా, మాకు సినిమాలు జూసే కంప్యూటర్ గావాలె, పైసలు లేవు అన్నడు. పైసలెందుకురా, నేనుండంగ అన్న. పాత సామాన్ల దుకాణంల సగం, ఊళ్లె సగం జమ చేసిన. పెట్టెకు మా ఇంటిదాని బియ్యం డబ్బా. స్క్రూలు తిప్పుటానికి ఒక్క పేచ్‌కస్, గంట పని. గంతే."

"గంటనేనా?" అంది పక్క బల్ల మీద బస్సు కోసం కూర్చున్న కనకవ్వ. బీడీలు చేసే మనిషి, చేతులు ఖాళీగా ఉంటే నోటికి పని చెబుతుంది.

"ముప్పావు గంటనే వదినా. పావు గంట చాయ్ తాగిన. ఇగ స్విచ్ ఎయ్యాలని ఏలు సాపిన్నో లేదో, ఏలు తాకకముందే షురువైంది! బొమ్మ సూడాలె బిడ్డా, గదీ బొమ్మంటే. క్రికెట్ వస్తుంటే బంతికి ఏసిన కుట్లు లెక్కవెట్టినం. అందుల ఒక కుట్టు ఊడిందని చింటూగాడు అన్నడు, గడియకు అంపైరు బంతి మార్చిండు. సినిమల వాన వడ్డది సూడు, మేడ మీద బట్టలారేసిన పోరలు ఉరికి తెచ్చుకుండ్రు."

ఆఫ్రీన్ నవ్వలేదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రావద్దని తండ్రి ముందే చెప్పి కూర్చోబెట్టాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా వింటోంది.

"మరి సప్పుడు?" అన్నాడు రహీమ్, ఇంకో చాయ్ ముందర పెడుతూ.

"సప్పుడా! రెండు కడవలు దీస్కొచ్చి అండ్ల స్పీకర్లు వెట్టిన. మొదటి డైలాగుకే కొండగట్టు కోతులు చెవులు మూసుకున్నయట. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఆదిలాబాద్ దిక్కు బోథ్ నుంచి మా సడ్డకుడు ఫోన్ జేసిండు. అన్నా, మాటలు మంచిగ ఇనవడుతున్నయి, జర బొమ్మ గూడ పంపరాదే అన్నడు!"

"పంపినవా?" అని కనకవ్వ నెమ్మదిగా అడిగింది.

"ఎందుకు పంపుత? ఆడు మా మరదల్ని సక్కగ సూసుకుంటలేడు."

కనకవ్వ అది న్యాయమే అన్నట్టు తల ఊపింది. పరశురాములు చాయ్ గుటకేసి, ఇంకాస్త ముందుకు జరిగాడు.

"గియ్యన్ని ఒక ఎత్తు. దాని తెలివి ఒక ఎత్తు. అర్ధగంట సినిమా నడవంగనే దానంతట అదే ఆగి ఇంటర్వెల్ ఇస్తది. నేను జెప్పలే, చింటూ జెప్పలే. పోరలు ఉచ్చకు వోవాలె, చాయ్ తాగాలె అని దానికే ఎర్క. ఇగ దాని పవరంటవా, పక్కన గూసుంటే పొయ్యి కాడ గూసున్నట్టే. మొదట్ల మీద చాయ్ గిలాస వెట్టిండ్రు, మసిలింది. అంగీలు వెట్టిండ్రు, ఇస్త్రీ అయినయి. బియ్యం వెట్టిండ్రు, సినిమా అయ్యేసరికి అన్నం! నెల తిరగకముందే ఆ బిల్డింగుల మూడంతస్తులోళ్లు గ్యాస్ బండలు వాపస్ జేసి, గిన్నెలు వట్టుకొని చింటూ రూము కాడ లైను గట్టిండ్రు. కింద మెట్ల దాక లైను. ఇంటి ఓనరమ్మ దోసెలేసుకపోయింది."

"బియ్యం డబ్బా మీదనే బియ్యం ఉడికిందన్నట్టు," అన్నాడు రహీమ్. చూపు బస్టాండు వైపు పోయింది. ఇంకో బస్సు వెళ్లిపోతే కరీంనగర్ పోవాల్సిన పిల్లకు ఆలస్యమవుతుంది, సంచి మీద ఆ చెయ్యి మాత్రం కదలడం లేదు.

"ఇనురాదు భాయ్, అసలు ముచ్చట ముంగటుంది. మీరందరు గీ యేడు కరీంనగర్ల చలి పడలే, చలి పడలే అన్నరు గదా? పేపర్ల గూడ రాసిండ్రు. ఎందుకు పడలే? ఎవనికన్న ఎర్కేనా? ఆదిలాబాద్ నుంచి చలి గట్లనే వచ్చింది, గోదావరి దాటింది, మంకమ్మతోట పొలిమేర దాక వచ్చింది. అండ్లకు అడుగు వెట్టలేక మర్లిపోయింది. దుప్పట్లమ్మేటోళ్లు చింటూ రూము ముంగట ధర్నా జేసిండ్రు!"

"నేను రెండు దుప్పట్లు కప్పుకున్న గదా గీ యేడు," అంది కనకవ్వ.

"నువ్వు చొప్పదండిల ఉన్నవు వదినా. మర్లిన చలి ఇటే వచ్చింది."

కనకవ్వ తన చలికి కారణం ఇన్నాళ్లకు తెలిసినట్టు చీర కొంగు భుజాల మీదికి లాక్కుంది. పరశురాములు సంచి మూతి విప్పబోయాడు. అప్పుడు ఆఫ్రీన్ తండ్రి వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"కాకా, ఒక్క మాట అడుగొచ్చా?"

"నూరు అడుగు బిడ్డా."

"చింటూ కంప్యూటర్ల ప్రాసెసర్ మీద వెట్టిన ఫ్యాను కొత్తదేనా?"

"కొత్తదే. గదొక్కటే కొత్తది కొన్న. సీలు గూడ తియ్యలే ఎవ్వడు."

"దానడుగున రాగి బిళ్ల ఉంటది గదా. దానికి సన్నటి ప్లాస్టిక్ కవరు అంటుకొని ఉంటది. అది వీకినవా?"

పరశురాములు ఆమెను జాలిగా చూశాడు. "పీకుడేంది బిడ్డా? కొత్త సామాను మీది కవరు ఎవడన్న పీకుతడా? సక్కగ ఉంచిన. ఫ్యాను కింద రాసే తెల్లమందు గూడ కవరు మీదనే రాసిన."

ఈ ముక్కకు మాత్రం అందరూ ఆయన పక్షమే. కనకవ్వ ఇంట్లో ఫ్రిజ్జు కొని నాలుగేళ్లు, తలుపు మీద కవరు చెక్కుచెదరలేదు. రహీమ్ ఇంట్లో టీవీ రిమోటు ఈనాటి వరకూ గాలి పీల్చింది లేదు. కవరు పీకితే వస్తువు పాతదైపోదూ అని ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు.

"పీకకుంటే వేడి ఫ్యానుకు చేరదు కాకా," అంది ఆఫ్రీన్, తప్పు తనదైనంత మెల్లగా. "లోపట్నే ఉడుకుతది. బాగ ఉడికితే కాలిపోకుండ దానంతట అదే బంద్ అయితది. అది ఇంటర్వెల్ గాదు. ఊపిరాడక పడిపోతది."

పొయ్యి మీద పాలు పొంగాయి. రహీమ్ వెళ్లి మంట తగ్గించి వచ్చాడు.

"అంటే ఏందే," అంది కనకవ్వ, లెక్క తేల్చుకోవాలన్నట్టు. "ఆదిలాబాద్ చలిని మర్లగొట్టింది గీ మనిషి గాదు, ఓ ప్లాస్టిక్ కవరా?"

పరశురాములు నోరు తెరిచి మళ్లీ మూశాడు. అట్లాంటి దృశ్యం చొప్పదండి చూసి ఎరగదు. ఆయన మొహం చూస్తే రహీమ్‌కు నిజంగానే బాధేసింది.

"గందుకేనా చింటూగాడు పదిహేను దినాల సంది ఫోన్ ఎత్తుతలేడు," అన్నాడు పరశురాములు తనలో తాను. తర్వాత ఆఫ్రీన్‌ను అడిగాడు. "గిప్పుడు వీకినా మంచిగయితదా బిడ్డా?"

"అయితది కాకా. పాత మందు తుడిచి, కొత్తది జరంత రాస్తె సాలు."

ఆయన సంచి మీది చెయ్యి తీసి, వంగి కూర్చున్నాడు. కాని ముప్పై ఏళ్ల అలవాటు మూడు నిమిషాల్లో పోతుందా? నడుము మళ్లీ నిటారైంది. జేబులోంచి పేచ్‌కస్ బయటికి వచ్చింది. చెయ్యి మళ్లీ సంచి మీదికి వెళ్లింది.

"ఇంకేంది మరి! గా కిటుకు గూడ ఇగ నాకు దొరికె. నీది బిగించేటప్పుడు కవరు నేనే వీకుత. పీకుడంటే గిట్ల వీకుడు గాదు..."

రహీమ్ సంచిని ఆ చేతి కిందినుంచి మెల్లగా లాగి, బిడ్డ ఒళ్లో పెట్టాడు. ముప్పై ఏళ్లలో దోస్తు చేతిలోంచి ఏదన్నా వెనక్కి తీసుకోవడం అతనికి అదే మొదలు. తర్వాత దోస్తు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇది మా బిడ్డనే బిగించుకుంటదన్నా. నువ్వు ముందుగాల మంకమ్మతోట వోయి, ఆళ్ల చలి ఆళ్లకిచ్చి రా."